పోనీలే అన్న అక్క

బట్టలు కత్తిరించే కత్తెరతో కాగితం కత్తిరించినందుకు ఆ ఇంట్లో అంతకుముందు ఇద్దరికి దెబ్బలు పడ్డాయి. మొదటిసారి చెల్లెలికి, ఆమె తొమ్మిదో ఏట, గాలిపటం చేస్తూ దొరికిపోయినప్పుడు. రెండోసారి బావకి. పెళ్ళయిన నెలకే ఆయన కత్తెర తీసుకుని ఉత్తరం కవరు అంచు కత్తిరించాడు. కొత్త పెళ్ళికొడుకని కూడా చూడకుండా, దర్జీ పని చేసే అక్క, కత్తెర పదును పోతుందని కొలత కర్రతో మోచేతి మీద ఒక్కటిచ్చింది. ఆయన పోయేదాకా ఆ ముచ్చట చెప్పుకుని నవ్వుతూనే ఉండేవాడు, మోచేయి తడుముకుంటూ.

మూడోసారి ఆ మంగళవారం పొద్దున జరిగింది. చెల్లెలికి యాభై ఒకటో ఏడు. స్టూడియోకి వెళ్ళే బస్సు ఇంకో పావుగంటలో ఉంది. సీను పేజీల్లోంచి ఒక ముక్క కత్తిరించి నోటుబుక్కులో అంటించుకోవాలి. తన చిన్న కత్తెర కనిపించలేదు. మేకుకి వేలాడుతున్న పెద్ద కత్తెర చేతికి వచ్చింది. సగం కాగితం తెగాక వెనక అక్క గొంతు వినిపించింది.

"ఏం చేస్తున్నావే?"

"ఏం లేదక్కా. పేజీలు..."

"కాగితమా?"

చెల్లెలు కళ్ళు మూసుకుంది. "చూసుకోలేదక్కా. తొందరలో..."

"పోనీలే" అంది అక్క. అని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

చెల్లెలు కత్తెర మేకుకి తగిలించింది. రెండుసార్లు మేకు తప్పింది. దెబ్బ తప్పించుకున్న మనిషికి కలగాల్సిన తేలిక ఆమెకు కలగలేదు. నలభై ఏళ్ళుగా ఆ మనిషి నోట 'పోనీలే' అన్న మాట ఆమె ఎప్పుడూ వినలేదు.

చెల్లెలి పని గుర్తుపెట్టుకోవడం. ఒక టీవీ స్టూడియోలో పదహారేళ్ళుగా అదే పని. సీరియల్ కథ నడిచిన వరసలో తీయరు. గదిలోంచి ఏడుస్తూ బయటికొచ్చిన పిల్ల, వరండాలోకి రావడం నాలుగు రోజుల తర్వాత తీస్తారు. అప్పటికి ఆ పిల్ల జడ కుడి భుజం మీదుందో ఎడమ భుజం మీదుందో, చేతిలో గ్లాసుందో లేదో, అందులో నీళ్ళు ఎంతవరకున్నాయో ఒకరు చెప్పాలి. ఆ ఒకరు ఈమె. స్టూడియోలో లైట్లవాళ్ళ దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరూ 'గుర్తులమ్మ' అనే పిలుస్తారు.

అందరు కంటిన్యుటీవాళ్ళ నోటుబుక్కుల్లోనూ నాలుగు గడులుంటాయి: సీను నంబరు, బట్టలు, నగలు, చేతిలో వస్తువు. గుర్తులమ్మ నోటుబుక్కులో అయిదోది ఉంటుంది. దాని పైన 'మనసు' అని రాసి ఉంటుంది. సీను అయిపోయేసరికి ఆ పాత్ర మనసు ఎక్కడ ఆగిందో అందులో రాస్తుంది. 'కోపం, పైకి తేలలేదు.' 'ఏడుపు ఆగింది కానీ నమ్మకం రాలేదు.' మొదట్లో అందరూ నవ్వారు. "మనసుకి కూడా పిన్నీసులు పెడతావా గుర్తులమ్మా?" అని మేకప్ అతను ఆటపట్టించేవాడు. తర్వాత నటులే ఆమె దగ్గరికొచ్చి అడగడం మొదలుపెట్టారు, మొన్న నన్ను ఎక్కడ వదిలేశాను అని.

ఆ అయిదో గడి ఎందుకొచ్చిందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

వాళ్ళమ్మది కూడా అక్కలాంటి నోరే. వీధి చివరనుంచి అమ్మ గొంతు వింటే పిల్లలు చెప్పులు వరసగా పెట్టేసేవాళ్ళు. గుర్తులమ్మకి ఇరవై ఏడో ఏట ఒకరోజు ఇంట్లో గాజు గిన్నె పగిలింది. అమ్మకి ప్రాణమైన గిన్నె. అమ్మ ఆ ముక్కల్ని చూసి నవ్వింది. "పోతే పోయింది" అంది. అమ్మ మెత్తబడిందని అందరూ సంతోషించారు. చుట్టాలు వచ్చి చూసి మెచ్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి చిన్న కూతుర్ని "ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది. చాలా మర్యాదగా అడిగింది. ఆ మర్యాద ఇప్పటికీ ఆమెకి నిద్రలో వినిపిస్తుంది.

ఆ నవ్విన రోజు ఎవరైనా రాసి పెట్టుకుని ఉంటే బాగుండేదని ఆమెకి అప్పుడే అనిపించింది.

అందుకే మంగళవారం సాయంత్రం ఇంటికొచ్చేలోపు బస్సులోనే నోటుబుక్కు వెనక నుంచి తిప్పి, ఒక కొత్త పేజీలో గీతలు కొట్టి రాసింది: 'అక్క. మంగళవారం. కత్తెర. కోపం లేదు.'

*

ఒక్కసారి రాయడం మొదలుపెట్టాక రాయాల్సినవి కనిపిస్తూనే ఉన్నాయి.

బుధవారం అక్క టీ పోస్తుంటే సగం సాసర్‌లోకి పోయింది. తుడిచింది, ఎవర్నీ ఏమీ అనలేదు. గురువారం నైటీకి బొత్తాలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుని సాయంత్రం దాకా అలాగే తిరిగింది. జీవితమంతా ఇతరుల బొత్తాలు సరిచేసిన మనిషి. శుక్రవారం కింది వాటా ఆవిడ మెట్ల మీద ఎదురొచ్చి నవ్వితే అక్క పక్కకి తొలగి దారిచ్చింది, ముక్కూ మొహం తెలియని మనిషికి ఇచ్చినట్టు. ఆవిడ "ఏంటి వదినా, కోపమా?" అని నోరు తెరిచాకే "అయ్యో, నువ్వా" అంది.

"మీ అక్కయ్య ఎంత మారిపోయిందో" అంది ఆ కింది వాటా ఆవిడ శనివారం, బట్టలు ఆరేస్తూ. "మొన్న మా ఆయన ప్యాంటు పొట్టి చేయమని ఇచ్చి రెండు రోజులు ఆలస్యంగా వెళ్ళానా, తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్ళాను. 'రామ్మా, కూర్చో' అంది. నాకు కాళ్ళు వణికాయనుకో."

"మీకూ వణికాయా?"

"వణకవూ? టపాకాయ పేలకపోతే దగ్గరికి వెళ్ళి చూడటానికి ఎవడికి ధైర్యం?" అని ఆవిడ పకపకా నవ్వింది. తర్వాత గుర్తులమ్మ మొహం చూసి నవ్వు ఆపేసింది. "ఊరికే అన్నానండీ. వయసు మీద పడ్డాక అందరూ చల్లబడతారు."

చల్లబడటం వేరు. చల్లబడే మనిషి రోజుకింత చొప్పున చల్లబడుతుంది. పాత్రలైనా అంతే, మనుషులైనా అంతే, మారతారు. కానీ మారిన చోటు ఒకటుంటుంది. ఒక ఉత్తరం వస్తుంది, ఒక తలుపు మూసుకుంటుంది, ఎవరో ఒక మాట అంటారు. అక్క విషయంలో ఆ చోటు ఎంత వెతికినా గుర్తులమ్మకి దొరకలేదు. పోయిన నెల మొదటి వారం దాకా అక్క తిడుతూనే ఉంది. ఆ తర్వాత లేదు. మధ్యలో సీను లేదు. సీను లేకుండా మనిషి మారడం ఆమె ఒక్కసారే చూసింది, అమ్మలో.

ఆదివారం పరీక్షలు పెట్టింది. కూరగాయలు తరుగుతూ మామూలుగా అడిగినట్టు అడిగింది.

"అక్కా, పెదనాన్న వాళ్ళింటి తలుపు రంగేంటి?"

"ఆకుపచ్చ. ఎందుకు?"

"ఊరికే. నా స్కూల్లో లెక్కల టీచరు పేరు?"

అక్క పేరు చెప్పింది. ఆ టీచరు చెల్లెల్ని బెంచీ ఎక్కించిన రోజు, దానికి తను స్కూలుకి వెళ్ళి ఆ టీచర్ని ఏమందో కూడా చెప్పింది. ఒక్క మాట తప్పలేదు.

గుర్తులమ్మకి ధైర్యం రావాల్సింది. రాలేదు. జ్ఞాపకం చెక్కుచెదరలేదు. మరి పోయిందేమిటి? 'గుర్తుంది, కోపం లేదు' అని రాసుకుంది. రాసి, ఆ వాక్యాన్ని చాలాసేపు చూస్తూ కూర్చుంది.

సోమవారం సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి అక్క కుట్టు మిషన్ ముందు కూర్చుని ఉంది. మిషన్ తిరగడం లేదు. కాలు పెడలు మీదుంది, చెయ్యి బట్ట మీదుంది. కిటికీలోంచి వచ్చే వెలుగు వైపు తల కొంచెం పక్కకి తిప్పి, గోడ మూలకి చూస్తోంది. గుర్తులమ్మ గుమ్మంలో ఆగింది. చెప్పులు విప్పలేదు. అక్క తల ఇటు తిప్పింది. సూటిగా ఆమె మొహంలోకే చూసింది.

"ఎవరూ?" అంది.

గుర్తులమ్మ చేతిలో సంచీ జారి నేలమీద పడింది.

"నువ్వేనా? సంచీ ఎందుకు పడేశావు?" అంది అక్క. "చీకటి పడింది కదా, లైటు వేయి."

చీకటి పడలేదు. వెలుగు ఇంకా కిటికీ నిండా ఉంది.

ఆ రాత్రి పేజీ చివర, గళ్ళన్నీ దాటి, పెద్ద అక్షరాలతో రాసింది: 'అక్క మనసు పోతోందా?'

*

మర్నాడు ఆమె నోటుబుక్కు ఇంట్లో మర్చిపోయింది. పదహారేళ్ళలో మొదటిసారి.

స్టూడియో గేటు దగ్గర సంచీలో చెయ్యి పెట్టాకే తెలిసింది. తిరిగి వెళ్ళడానికి టైం లేదు. పనిదీ అక్కదీ ఒకటే పుస్తకం. ముందు నుంచి సీరియల్, వెనక నుంచి అక్క. భోజనం బల్ల మీద వదిలేసి ఉంటుంది. రోజూ పదింటికి అక్క ఆ బల్ల తుడుస్తుంది.

ఆ రోజు తీయాల్సింది అత్తగారి సీను. నాలుగువందల పన్నెండో ఎపిసోడ్. అత్తగారి వేషం వేసే నటిని సెట్లో కూడా అందరూ 'అత్తగారూ' అనే పిలుస్తారు. అరవై దాటిన మనిషి. మూడేళ్ళుగా కోడల్ని హింస పెడుతోంది. ఆ రోజు పేజీల్లో అత్తగారు కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని తల దువ్వుతుంది.

"ఇదేంటి?" అంది అత్తగారు పేజీలు ఊపుతూ. "నేనెందుకు దువ్వుతున్నాను? పేలు చూడటానికా?"

సెట్టంతా నవ్వింది. రచయిత ఇబ్బందిగా కుర్చీ జరుపుకున్నాడు. "మారింది మేడం. మనుషులు మారరా?"

"గుర్తులమ్మా, కిందటిసారి నన్ను ఎక్కడ వదిలావు?"

గుర్తులమ్మ లేచి నిలబడింది. చేతుల్లో ఏమీ లేకపోవడం వల్ల ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "కిందటిసారి మీరు కోడలి చేతిలో మందు సీసా లాక్కుని పారబోశారు. తలుపు గడియ పెట్టారు. జాలి లేదు. మధ్యలో ఇంకేమీ తీయలేదు."

"పుస్తకం చూసి చెప్పు" అన్నాడు డైరెక్టరు.

"పుస్తకం... ఇంట్లో మర్చిపోయాను సార్."

"నువ్వా? మర్చిపోయావా?" డైరెక్టరు ఆశ్చర్యంగా అందరివైపూ చూశాడు. "సరే, నువ్వే మర్చిపోయావంటే చూసేవాళ్ళకి ఏం గుర్తుంటుంది? దువ్వెయ్యండి అత్తగారూ. టైం లేదు."

"మారితే మారనివ్వండి సార్" అంది గుర్తులమ్మ. తన గొంతు పెద్దదవడం ఆమెకే వినిపించింది. "ఎక్కడ మారిందో ఒక్క సీను రాయండి. అర పేజీ చాలు. ఏమీ లేకుండా మంచిదైపోతే చూసేవాళ్ళకి భయమేస్తుంది."

"భయమెందుకమ్మా? సంతోషిస్తారు" అన్నాడు రచయిత.

"భయమేస్తుంది" అంది ఆమె మళ్ళీ. అని కూర్చుండిపోయింది. మేకప్ అతను మంచినీళ్ళ సీసా తెచ్చి ఏమీ అనకుండా చేతికిచ్చాడు.

సీను తీశారు. అత్తగారు కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని దువ్వెన తీసింది. మెల్లగా దువ్వింది. కోడలు కొంచెం కదిలినప్పుడల్లా ఆవిడ దువ్వెన ఆగిపోయేది. ఆగి, ఆ పిల్ల మొహం వైపు ఒకసారి చూసి, మళ్ళీ నెమ్మదిగా మొదలయ్యేది. పేజీల్లో అలా ఆగమని లేదు. చూస్తున్నవాళ్ళెవరూ దగ్గలేదు, కదల్లేదు. డైరెక్టరు 'కట్' చెప్పడం కాస్త ఆలస్యమైంది.

తర్వాత అత్తగారు జుట్టు విప్పుకుంటుంటే గుర్తులమ్మ దగ్గరికి వెళ్ళింది.

"ఏమనుకుని చేశారమ్మా?"

"వాడు కారణం ఇవ్వలేదుగా. నేనే ఒకటి పెట్టుకున్నాను." ఆవిడ పిన్నులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడుతోంది. "భయం అనుకున్నాను. నాలాంటిది ఊరికే మెత్తబడుతుందా? రేపట్నుంచి దీని చేతి కింద బతకాలని ఏదో తెలిసుంటుంది. అందుకే ఇవాళ్టి నుంచే మంచిగా ఉంటోంది."

"ఏం తెలిసుంటుంది?"

"అది నాకేం తెలుసే? రాసేవాణ్ణి అడుగు." ఆవిడ అద్దంలోంచి ఆమెని చూసింది. "ఏంటలా ఉన్నావు? ఇంట్లో అంతా బానే ఉన్నారా?"

గుర్తులమ్మ తలూపింది. ఆ తలూపడం ఔనో కాదో ఆవిడకి అర్థమయ్యేలా లేదు.

*

బస్సు దిగి ఇంటిదాకా ఆమె పరుగులాంటి నడక నడిచింది. మెట్ల దగ్గర ఆగింది. పైనుంచి మిషన్ చప్పుడు లేదు. అక్క ఆ పేజీలు చదివి ఉంటుంది. చదివితే రెండే జరుగుతాయి. ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంది, లేదా పోనీలే అంటుంది. మొదటిదే జరగాలని ఒక్కో మెట్టు ఎక్కుతూ ఆమె కోరుకుంది. తనని పిచ్చిదాన్ని చేసి రాసిందని, సీరియల్ పాత్రల పక్కన తన పేరు కూడా గళ్ళలో పెట్టిందని, జుట్టు పట్టుకుని వంగదీసినా ఫరవాలేదు.

తలుపు తీసే ఉంది. అక్క భోజనం బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఆమె ముందు నోటుబుక్కు. వెనకవైపు నుంచే తెరిచి ఉంది. గుమ్మంలోంచే గుర్తులమ్మకి తన పెద్ద అక్షరాలు కనిపించాయి.

"నేనే అక్కా" అంది, ఈసారి అడగకముందే.

"రా. పుస్తకం మర్చిపోయి వెళ్ళావు. బల్ల తుడుస్తుంటే పడింది, తీసి పెట్టాను." అక్క అరచేతిని పేజీ మీద పెట్టింది. సరిగ్గా 'అక్క మనసు పోతోందా?' అన్న చోట. ఆ అక్షరాల మీద వేళ్ళతో మెల్లగా నిమిరింది. "చూశానులే. ఎంత బాగా రాస్తావే నువ్వు. చిన్నప్పట్నుంచీ నీ దస్తూరి ముత్యాలే."

గుర్తులమ్మ అక్కడే నిలబడిపోయింది.

"చదివావా?" అంది.

"ఊఁ."

"ఏముంది అందులో?"

"ఏముంటుంది, నీ సీరియల్ గొడవే. ఎవరో ఏడ్చారు, ఎవరో తిట్టారు."

గుర్తులమ్మ బల్ల దాకా నడిచి అక్కకి ఎదురుగా కూర్చుంది. అక్క కళ్ళు ఆమె మీదే ఉన్నాయి, కానీ సరిగ్గా ఆమె మీద కాదు. చెవి పక్కన, భుజం దగ్గర ఎక్కడో. టీ సాసర్‌లోకి ఎందుకు పోయిందో, బొత్తాలు ఎందుకు తప్పాయో, పొద్దు ఉండగానే లైటు ఎందుకు వేయమందో, అన్నీ వరస మారి మళ్ళీ కూర్చున్నాయి. ఇన్నాళ్ళూ అన్నీ రాసింది. ఒక్కటీ చూడలేదు.

"అక్కా, నా మొహం కనిపిస్తోందా?"

పేజీ మీద ఉన్న అక్క చెయ్యి పిడికిలి అయింది.

"ఎప్పట్నుంచి?"

"చెవులు కనిపిస్తాయి" అంది అక్క. "జుట్టు కనిపిస్తుంది. మధ్యలో మొహం ఉండాల్సిన చోట బూడిద పోసినట్టుంటుంది. మొదట కుట్టు వంకరపోయింది. సూటిగా వేసిన కుట్టు, నాకేమో పాములా మెలికలు తిరిగి కనిపించింది. మిషన్ పాడైందని బాగుచేసేవాణ్ణి పిలిచి నాలుగు చివాట్లు పెట్టాను. వాడు, 'అమ్మా, మిషన్ బానే ఉంది' అన్నాడు. అప్పుడు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే. పోయిన నెల మొదటి వారం."

ఆ వారం. గుర్తులమ్మ వెతికిన చోటు.

"ఏమన్నాడు?"

అక్క లేచి, గోడ పట్టుకోకుండానే తిన్నగా అలమర దగ్గరికి వెళ్ళింది. దారాల డబ్బా అడుగునుంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. గుర్తులమ్మ విప్పి చదివింది. ఎడమ కన్ను మధ్యలో చూపు తిరిగి రావడం కష్టం. కుడి కన్నుకి ఇప్పుడే మొదలైంది. కంట్లోకి ఇంజెక్షన్లు వెంటనే మొదలుపెట్టాలి, నెలకొకటి. తోడు మనిషి తప్పనిసరి. కింద ఒక తేదీ. ఆ తేదీ దాటి అయిదు వారాలైంది.

"అయిదు వారాలక్కా!"

"చదివావుగా. కంట్లో సూదట." అక్క నవ్వబోయింది, కుదరలేదు. "జీవితమంతా సూదితో బతికినదాన్ని. వేలికి గుచ్చుకుంటే చీకేసి మళ్ళీ కుట్టుకున్నాను. కంట్లోకి వస్తుంటే చూస్తూ ఉండాలట. తల కదపకూడదట."

"నాకెందుకు చెప్పలేదు?"

అక్క దారాల డబ్బాకి మూత పెట్టింది.

"ఎవరికి భయపడుతున్నావక్కా?" అంది గుర్తులమ్మ. అత్తగారి దువ్వెన ఆగడం ఆమె కళ్ళముందు మెదిలింది. అడిగాక సమాధానం వినాలంటేనే భయమేసింది.

"నీకు" అంది అక్క.

"నాకా?"

"నీకే. నలభై ఏళ్ళు నిన్ను ఏమేమన్నానో నేను మర్చిపోయాను. నువ్వు మర్చిపోతావా? గ్లాసులో నీళ్ళెంతున్నాయో నాలుగు రోజులు గుర్తుపెట్టుకునేదానివి." ఆమె గొంతు సన్నగా, ఎవరిదో గొంతులా ఉంది. "రేపు నాకేమీ కనిపించకపోతే నువ్వు చెయ్యిపట్టుకుని నడిపించాలి. అన్నం గిన్నెలో ఏముందో నువ్వు చెప్పాలి. అప్పుడు నువ్వు ఒక్కొక్కటే తీస్తే? తొమ్మిదో ఏట కొలత కర్రతో కొట్టావు, పద్దెనిమిదో ఏట నలుగురిలో మొద్దు అన్నావు, అని? అందుకే ఇక ఏమీ అనకూడదనుకున్నాను. కొన్నాళ్ళైనా మంచిగా ఉంటే అవి నీ లెక్కలోకి వస్తాయని."

అక్క అమ్మలా అవుతోందని గుర్తులమ్మ భయపడుతున్న ప్రతి గంటా, అదే ఇంట్లో, అదే బల్ల దగ్గర, ఈ మనిషి తనకి భయపడుతూ కూర్చుంది. 'కోపం లేదు' అని తను రాసిన ప్రతి చోటా కోపం ఉంది. దాన్ని మింగుతోంది.

"నేను ఏమనుకున్నానో తెలుసా?" అంది. "అమ్మలా అవుతున్నావనుకున్నాను."

అక్క తల ఎత్తింది. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. "నిన్న 'ఎవరూ' అన్నానే, అందుకా సంచీ పడేశావు?"

"అందుకే."

"పిచ్చిమొహమా" అంది అక్క. వెంటనే పెదవి కొరుక్కుంది, అనకూడని మాట అన్నట్టు.

గుర్తులమ్మ డాక్టరు కాగితం మీదున్న నంబరుకి ఫోన్ చేసింది. ఎవరో అమ్మాయి తీసింది. అయిదు వారాలని విని, "అయిదా?" అని మళ్ళీ అడిగింది. అప్పుడు గుర్తులమ్మ అక్క వైపు చూడలేకపోయింది. "రేపు పదింటికి తీసుకురండి. ఆలస్యం చేయకండి. కుడి కన్ను ఎంత మిగిలిందో చూస్తేగానీ డాక్టరుగారు ఏమీ చెప్పలేరు" అంది అమ్మాయి.

తర్వాత స్టూడియోకి ఫోన్ చేసి రేపు రానని చెప్పింది. డైరెక్టరు ఏదో అంటున్నాడు. ఆమె వినకుండానే పెట్టేసింది.

ఇద్దరూ బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు. అక్క చేతులు బల్ల అంచు పట్టుకుని ఉన్నాయి. చూపు పోవడం కంటే, ఆ సూది కంటే, ఇప్పుడు అన్నీ బయటికి చెప్పేయడమే అక్కని ఎక్కువ భయపెడుతోందని గుర్తులమ్మకి అర్థమైంది. ఏం చెప్పినా నమ్మదు. నేనేమీ గుర్తుపెట్టుకోలేదంటే అసలు నమ్మదు. అది అబద్ధం కూడా. ఆమెకి అన్నీ గుర్తున్నాయి, కొలత కర్ర ఏ చెక్కదో కూడా.

ఆమె లేచి మేకు మీదున్న పెద్ద కత్తెర తీసింది. నోటుబుక్కు వెనక నుంచి అక్క పేజీలు మూడూ చింపింది. వాటిని కలిపి పట్టుకుని, అక్క మొహానికి జానెడు దూరంలో, కత్తెర పెట్టి కత్తిరించడం మొదలుపెట్టింది.

పొడి కాగితం కత్తెర నోట్లో కరకరలాడింది. బట్ట చప్పుడు కాదది. దర్జీ పని చేసేవాళ్ళకి చూడక్కర్లేని చప్పుడు.

అక్క మెడ బిగిసింది. చెల్లెలు రెండోసారి కత్తిరించింది. మూడోసారి. అక్క పెదవులు విడి మళ్ళీ మూసుకున్నాయి. 'పో' అన్న అక్షరం పెదవుల మీదికి వస్తుందేమోనని గుర్తులమ్మ చూస్తోంది. సెట్లో ఎన్నడూ చూడనంత శ్రద్ధగా చూస్తోంది. అది వస్తే ఇంక చేయగలిగిందేమీ లేదు. నాలుగోసారి కత్తెర తెరిచింది.

"ఒసేయ్" అంది అక్క.

కత్తెర ఆగింది.

"కింద పెట్టు దాన్ని." గొంతు వణికింది. కోపంతోనో భయంతోనో తెలియడం లేదు. "పెట్టమన్నానా? అంచు పోతుంది. రేపు పదింటికి ఇద్దరం..." మాట తెగిపోయింది. ఆమె చెయ్యి బల్ల మీద తడుముతూ వచ్చి, కత్తెర కాకుండా చెల్లెలి మణికట్టు దొరికితే దాన్నే పట్టుకుంది. నొప్పి పుట్టేంత గట్టిగా.

గుర్తులమ్మ విడిపించుకోలేదు. కిటికీలో వెలుగు నిజంగానే తగ్గుతోంది. లైటు వేయడానికి లేవాలంటే ఆ చెయ్యి వదిలించుకోవాలి. అలాగే కూర్చుంది.